ప్రపంచ వస్త్ర సరఫరా గొలుసులో బాధ్యత, మానవ గౌరవం: ట్రయాంగిల్ నుండి రాణా ప్లాజా వరకు – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
కొనుగోలు చేసే సంస్థ ఒక దేశంలో, కుట్టే కార్మికురాలు మరొక దేశంలో ఉన్నప్పుడు ఆమె ప్రాణానికీ గౌరవానికీ ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న నూరేళ్లుగా వస్త్ర పరిశ్రమను వెంటాడుతున్నది. 1911 నాటి న్యూయార్క్ ట్రయాంగిల్ అగ్నిప్రమాదం, తరువాత అమెరికాలో కుదిరిన జాబర్ ఒప్పందాలు, 2013 నాటి రాణా ప్లాజా పతనం, దాని వెంట వచ్చిన బంగ్లాదేశ్ అకార్డు – ఈ నాలుగింటిని ఈ వ్యాసం వరుసగా పరిశీలిస్తుంది. ధరను నిర్ణయించే పక్షాన్ని చట్టబద్ధమైన ఒప్పందంలోకి తీసుకురాగలిగిన చోటనే కార్మిక రక్షణ నిలబడిందని, స్వచ్ఛంద తనిఖీలు ఆ పని చేయలేకపోయాయని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సరఫరా గొలుసు, వస్త్ర పరిశ్రమ, రాణా ప్లాజా, బంగ్లాదేశ్ అకార్డు, జాబర్ ఒప్పందాలు, ప్రధాన యజమాని, మానవ గౌరవం.

1. ఉపోద్ఘాతం

2013 ఏప్రిల్ 23న ఢాకా శివార్లలోని సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనంలో పగుళ్లు కనిపించాయి. అందులోని బ్యాంకు శాఖ తన ఉద్యోగులను ఇళ్లకు పంపివేసింది. కింది అంతస్తుల్లోని దుకాణాలు మూతపడ్డాయి. పై అంతస్తుల్లో నడుస్తున్న ఐదు కుట్టు కర్మాగారాల కార్మికులను మాత్రం మరునాడు ఉదయం పనిలోకి పిలిచారు. లోపలికి వెళ్లడానికి వెనుకాడినవారిని జీతం ఇవ్వబోమని బెదిరించారు. విద్యుత్తు సరఫరా ఆగి, పై అంతస్తుల్లోని జనరేటర్లు ప్రారంభమైన కొద్దిసేపటికే, తొమ్మిది గంటల ప్రాంతంలో భవనం కుప్పకూలింది. 1,134 మంది మరణించారు. దాదాపు 2,500 మంది గాయపడ్డారు.

ఈ దుర్ఘటనను నాసిరకం నిర్మాణానికి ఉదాహరణగా చూడడం పరిపాటి. అనుమతి లేకుండా పై అంతస్తులు కట్టిన మాట, దుకాణాల కోసం కట్టిన భవనంలో బరువైన యంత్రాలను నడిపిన మాట నిజమే. అయితే చరిత్రకారుడు ఆలోచించవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. పగుళ్లను బ్యాంకు ఉద్యోగులూ చూశారు, కుట్టు కార్మికులూ చూశారు. ప్రమాదం గురించిన జ్ఞానం ఇద్దరికీ సమానమే. ఆ జ్ఞానాన్ని బట్టి నడుచుకునే అధికారం మాత్రం ఒకరికే లభించింది. ఆ ఐదు కర్మాగారాలలో ఒక్కదానిలోనూ కార్మిక సంఘం లేదు. సరుకు ఓడకు చేరవలసిన గడువు తప్పితే నష్టం కర్మాగార యజమానిది, ఆ నష్టపు భయం కార్మికురాలిది. గడువునూ ధరనూ నిర్ణయించిన విదేశీ కొనుగోలుదారు పేరు దుస్తులపై ఉన్నది కాని, జీతాల పుస్తకంలో లేదు.

మానవ గౌరవం అనే మాటకు ఈ సందర్భంలో ఒక నిర్దిష్టమైన అర్థం చెప్పుకోవచ్చు. తన ప్రాణానికి సంబంధించిన విషయంలో తన మాటకు విలువ ఉండడమే ఆ అర్థం. ఆ విలువ ఎప్పుడు లభించింది, ఎలా లభించింది, ఎందుకు చేజారింది అనే క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. న్యూయార్క్ అనుభవం: తాళం వేసిన తలుపు

1911 మార్చి 25, శనివారం సాయంత్రం న్యూయార్క్ నగరంలోని ఆష్ భవనంలో మంటలు చెలరేగాయి. ఆ పదంతస్తుల భవనపు చివరి మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ కంపెనీ మహిళల జాకెట్లు తయారుచేసేది. తొమ్మిదో అంతస్తులో ఒక మెట్లదారి తలుపుకు తాళం వేసి ఉంది. కార్మికులు ఇంటికి వెళ్లేటప్పుడు వారి సంచులు సోదా చేయడానికి వీలుగా అందరినీ ఒకే తలుపు గుండా పంపడం అక్కడి పద్ధతి. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరో అంతస్తు వరకే చేరాయి. బయటి ఇనుప మెట్లు జనం బరువుకు విరిగిపోయాయి. 146 మంది చనిపోయారు. వారిలో అధికులు ఇటలీ నుండి, తూర్పు ఐరోపా యూదు సమాజాల నుండి వలస వచ్చిన యువతులు.

ఈ ప్రమాదానికి ముందు జరిగిన ఘటన గమనార్హం. 1909 నవంబరులో న్యూయార్క్ జాకెట్ల పరిశ్రమలో దాదాపు ఇరవై వేల మంది, ప్రధానంగా మహిళలు, సమ్మెకు దిగారు. ట్రయాంగిల్ కార్మికులు ఆ సమ్మెలో ముందు వరుసలో నిలిచారు. అనేక చిన్న కర్మాగారాలు సంఘాన్ని గుర్తించగా, ట్రయాంగిల్ యాజమాన్యం గుర్తించలేదు. రెండేళ్లు తిరగకముందే సంఘం లేని ఆ కర్మాగారంలోనే తలుపు తెరుచుకోలేదు.

యజమానులు మాక్స్ బ్లాంక్, ఐజక్ హారిస్‌లపై నరహత్య నేరం మోపారు. తలుపుకు తాళం ఉన్న సంగతి ఆ సమయంలో వారికి తెలుసునని నిస్సందేహంగా రుజువు కాలేదన్న కారణంగా 1911 డిసెంబరులో జ్యూరీ వారిని నిర్దోషులుగా తేల్చింది. న్యాయస్థానంలో ఓడిన వాదం శాసనసభలో గెలిచింది. న్యూయార్క్ రాష్ట్రం నియమించిన కర్మాగార విచారణ సంఘం రాబర్ట్ వాగ్నర్, ఆల్‌ఫ్రెడ్ స్మిత్‌ల నాయకత్వంలో రాష్ట్రమంతటా కర్మాగారాలను పరిశీలించింది. 1914 నాటికి ముప్పైకి పైగా కార్మిక రక్షణ చట్టాలు వచ్చాయి. ఆ మంటలను కళ్లారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఆ సంఘం కోసం పనిచేసి, 1933లో అమెరికా కార్మిక శాఖ మంత్రి అయ్యారు.

3. జాబర్ ఒప్పందాలు: ధర నిర్ణయించేవాడే జవాబుదారీ

ట్రయాంగిల్ కంపెనీలో యజమాని ఎవరన్న సందేహానికి తావు లేదు. తరువాతి దశాబ్దంలో పరిస్థితి మారింది. 1920ల నాటికి న్యూయార్క్ వస్త్ర పరిశ్రమలో జాబర్లు అనే వర్గం బలపడింది. గుడ్డ, నమూనా, మార్కెటు జాబర్ చేతిలో ఉండేవి. కుట్టు యంత్రాలు, కార్మికులు కాంట్రాక్టరు చేతిలో ఉండేవారు. ఒకే పనికి పలువురు కాంట్రాక్టర్లు తక్కువ ధర చెప్పడానికి పోటీపడేవారు. తగ్గిన ప్రతి పైసా కూలిలోంచే తగ్గేది. జీతం అడిగితే కాంట్రాక్టరు తన దగ్గర డబ్బు లేదనేవాడు, జాబర్ వారు తన కార్మికులే కాదనేవాడు. నేటి ప్రపంచ సరఫరా గొలుసు నిర్మాణం ఒక నగరపు సరిహద్దుల్లోనే అప్పటికి సిద్ధమైందని చెప్పవచ్చు.

అంతర్జాతీయ మహిళా దుస్తుల కార్మిక సంఘం దీనికి కనుగొన్న పరిష్కారమే జాబర్ ఒప్పందం. 1920లలో మొదలైన ప్రయత్నాలు 1930లలో స్థిరపడ్డాయి. ఈ ఒప్పందాలలో మూడు అంశాలు కీలకం. మొదటిది, జాబర్ తన పనిని ముందుగా నమోదైన, సంఘం గుర్తింపు ఉన్న కాంట్రాక్టర్లకే ఇవ్వాలి, ఇష్టం వచ్చినట్లు వారిని మార్చరాదు. రెండవది, కాంట్రాక్టరుకు చెల్లించే ధర ఒప్పుకున్న కూలికీ నిర్వహణ ఖర్చులకూ సరిపోవాలి. మూడవది, కాంట్రాక్టరు కూలి ఎగవేస్తే జాబర్ చెల్లించాలి.

ఇక్కడ కార్మిక సంఘం బేరమాడినది జీతం ఇచ్చే చేతితో మాత్రమే కాదు, ఆ చేతికి డబ్బు అందించే చేతితో కూడా. 1959లో అమెరికా కార్మిక చట్టాన్ని సవరిస్తూ ఇటువంటి ఏర్పాట్లపై సాధారణ నిషేధం విధించినప్పుడు, వస్త్ర పరిశ్రమకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. గొలుసుగా సాగే పనిలో పై మెట్టు వారితో ఒప్పందం లేకపోతే కింది మెట్టు హక్కులు నిలవవన్న అనుభవాన్ని శాసనకర్తలు అంగీకరించారనడానికి ఆ మినహాయింపు నిదర్శనం. అయితే ఒప్పందాల బలం దేశపు ఎల్లలతో ఆగిపోయింది. ఉత్పత్తి సముద్రాలు దాటడంతో అవి క్రమంగా క్షీణించాయి.

4. ఉత్పత్తి తరలింపు: బంగ్లాదేశ్ వస్త్ర పరిశ్రమ

1974లో అమలులోకి వచ్చిన బహుళ ఫైబర్ ఒప్పందం వస్త్రాల ఎగుమతులపై దేశాలవారీగా కోటాలు విధించింది. కోటాలు నిండిన దక్షిణ కొరియా వంటి దేశాల సంస్థలు, కోటాలు అడ్డురాని దేశాల కోసం వెతికాయి. 1978లో బంగ్లాదేశ్‌కు చెందిన దేశ్ గార్మెంట్స్, కొరియాకు చెందిన దేవూ సంస్థల మధ్య కుదిరిన ఒప్పందం ఈ నేపథ్యంలోనిదే. దేశ్ సంస్థ సిబ్బంది దాదాపు 130 మంది కొరియాలోని పుసాన్‌లో శిక్షణ పొంది వచ్చారు. వారిలో పలువురు తరువాత సొంత కర్మాగారాలు పెట్టుకున్నారు. 2005 జనవరి 1 నుండి కోటాలు రద్దయినా పరిశ్రమ తగ్గలేదు. 2013 నాటికి సుమారు 40 లక్షల మంది, వారిలో అధిక సంఖ్యాకులు గ్రామాల నుండి వచ్చిన మహిళలు, ఇందులో పనిచేస్తున్నారు. దేశ ఎగుమతుల ఆదాయంలో ఐదింట నాలుగు వంతులు వస్త్రాలదే.

ఈ వృద్ధిని కేవలం దోపిడీగా చిత్రించడం సరికాదు. గ్రామీణ యువతుల చేతికి తొలిసారి సొంత సంపాదన వచ్చింది. అదే సమయంలో ఆ సంపాదన పరిమాణాన్ని కూడా గుర్తించాలి. 2010లో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 3,000 టాకాలు. రాణా ప్లాజా కూలిన నాడు అమల్లో ఉన్నది అదే. నమూనా, ధర, గడువు కొనుగోలుదారు నిర్ణయిస్తాడు. గడువు తప్పితే సరుకును కర్మాగారం తన ఖర్చుతో విమానంలో పంపాలి లేదా ధర తగ్గించుకోవాలి. దుకాణాల కోసం, కార్యాలయాల కోసం కట్టిన భవనాల్లో యంత్రాలు దిగాయి. 2005 ఏప్రిల్‌లో సావర్‌లోనే స్పెక్ట్రమ్ స్వెటర్ కర్మాగారం కూలి 64 మంది మరణించారు. 2012 నవంబరు 24న ఆశులియాలోని తజ్రీన్ ఫ్యాషన్స్‌లో మంటలు లేచినప్పుడు, హెచ్చరిక గంట మోగినా పర్యవేక్షకులు కార్మికులను తిరిగి యంత్రాల వద్దకు పంపారు. కనీసం 112 మంది చనిపోయారు.

5. తనిఖీల యుగం, దాని పరిమితి

1990లలో అమెరికా, ఐరోపాలలో వినియోగదారులు, విద్యార్థులు దుస్తుల కంపెనీలపై ఉద్యమించారు. 1991లో లీవై స్ట్రాస్ సంస్థ తన సరఫరాదారులకు ప్రవర్తనా నియమావళి ప్రకటించింది. ఇతర కంపెనీలు అదే బాట పట్టాయి. నియమావళి అమలును పరిశీలించే తనిఖీ సంస్థలు పుట్టుకొచ్చాయి. క్రమంగా తనిఖీ స్వయంగా ఒక వ్యాపారమైంది. తనిఖీకి డబ్బు చెల్లించేది కొనుగోలుదారు లేదా కర్మాగారం. నివేదిక వారి సొత్తు. కార్మికురాలికి అది అందదు. ఆమె కోసం రాసిన నియమావళిని అమలు చేయమని కోర్టుకెక్కే హక్కు కూడా ఆమెకు సాధారణంగా లేదు.

కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ ఉదంతం ఈ పద్ధతి డొల్లతనాన్ని బయటపెట్టింది. 2012 సెప్టెంబరు 11న ఆ కర్మాగారం తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. నిప్పు పెట్టినది దుండగులని తరువాత పాకిస్థాన్ న్యాయస్థానం నిర్ధారించింది. అయినా కిటికీలకు ఇనుప చువ్వలుండడం, బయటపడే దారులు మూసి ఉండడం మరణాలను పెంచింది. ఆ కర్మాగారానికి అంతర్జాతీయ సామాజిక ప్రమాణాల ధ్రువపత్రం లభించి అప్పటికి మూడు వారాలే. బాధితులు ప్రధాన కొనుగోలుదారైన జర్మన్ సంస్థపై డార్ట్‌మండ్ న్యాయస్థానంలో వేసిన దావాను, పాకిస్థాన్ చట్టం ప్రకారం కాలపరిమితి దాటిందంటూ 2019లో తోసిపుచ్చారు. రాణా ప్లాజాలోని రెండు కర్మాగారాలు కూడా ఐరోపా సామాజిక తనిఖీ పథకం కింద పరిశీలన పొందినవే. భవన నిర్మాణ పటిష్ఠత తమ తనిఖీ పరిధిలోకి రాదని ఆ పథకం నిర్వాహకులు వివరణ ఇచ్చారు.

6. సంతకం కాని ఒప్పందం, సంతకమైన ఒప్పందం

బంగ్లాదేశ్ అకార్డు రాణా ప్లాజా శిథిలాల నుండి పుట్టిందన్న అభిప్రాయం పాక్షిక సత్యం మాత్రమే. దాని మూలరూపం అంతకుముందే సిద్ధంగా ఉంది. 2011 ఏప్రిల్‌లో ఢాకాలో కార్మిక సంఘాలు, హక్కుల సంస్థలు, కొనుగోలుదారులు సమావేశమైనప్పుడు చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం ప్రతిపాదన వచ్చింది. ఖర్చు భారీగా ఉంటుందని పెద్ద కొనుగోలుదారులు వెనకడుగు వేశారు. 2012లో పి.వి.హెచ్., చీబో అనే రెండు సంస్థలు మాత్రం సంతకం చేశాయి. నాలుగు సంస్థలు చేరితేనే అది అమలులోకి వస్తుందన్నది నిబంధన. ఏప్రిల్ 24 నాటికి మిగిలిన రెండు సంతకాలు పడలేదు.

భవనం కూలిన మూడు వారాలకు, 2013 మే 15 గడువు నాటికి పదుల సంఖ్యలో సంస్థలు ముందుకొచ్చాయి. తరువాత ఆ సంఖ్య రెండు వందలు దాటింది. ఇండస్ట్రీఆల్, యు.ఎన్.ఐ. అనే రెండు ప్రపంచ కార్మిక సమాఖ్యలు, బంగ్లాదేశ్ సంఘాలు మరొక పక్షంగా సంతకం చేశాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ తటస్థ అధ్యక్షత వహించింది. అకార్డు నిబంధనలలో ఐదింటిని ప్రత్యేకంగా పేర్కొనాలి.

అ) తనిఖీలు స్వతంత్ర ఇంజనీర్లు చేయాలి, నివేదికలు బహిరంగపరచాలి.
ఆ) మరమ్మతులు ఆర్థికంగా సాధ్యమయ్యేలా కొనుగోలుదారులు వాణిజ్య నిబంధనలు కుదుర్చుకోవాలి.
ఇ) మరమ్మతులకు నిరాకరించిన కర్మాగారంతో వ్యాపారం నిలిపివేయాలి.
ఈ) ప్రమాదకరమని సహేతుకంగా భావించిన భవనంలోకి వెళ్లడానికి నిరాకరించే హక్కు కార్మికులకుండాలి. అందుకు జీతం కోత ఉండరాదు.
ఉ) వివాదాలు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఆ తీర్పును కొనుగోలుదారు స్వదేశంలోని న్యాయస్థానంలో అమలు చేయించుకోవచ్చు.

నాలుగో నిబంధన ఏప్రిల్ 24 ఉదయం లేని హక్కును కాగితం మీదికి తెచ్చింది. ఐదో నిబంధన ఆ కాగితానికి బలం ఇచ్చింది. కార్మిక సమాఖ్యలు రెండు బ్రాండులపై హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో వేసిన కేసులు రాజీతో ముగిశాయి. రెండవ కేసులో 2018 జనవరిలో ఒక సంస్థ 23 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. అందులో 20 లక్షలు కర్మాగారాల మరమ్మతులకు కేటాయించారు. అకార్డు 1,600కు పైగా కర్మాగారాలను పరిశీలించింది. 2018 నాటికి తొలి తనిఖీలలో బయటపడిన లోపాలలో 80 శాతానికి పైగా సరిదిద్దారు.

జాబర్ ఒప్పందాలకూ అకార్డుకూ గల పోలికను మార్క్ ఆనర్, జెన్నిఫర్ బెయిర్, జెరెమీ బ్లాసీలు 2013లోనే చర్చించారు. రెండింటిలోనూ కార్మిక సంఘం పై మెట్టున ఉన్న కొనుగోలుదారుతో నేరుగా ఒప్పందం కుదుర్చుకున్నది. తేడా కూడా స్పష్టమే. జాబర్ ఒప్పందం కూలికి పూచీపడింది. అకార్డు గోడకూ పైకప్పుకూ పూచీపడింది.

7. భద్రత వచ్చిన చోట వేతనం ఎందుకు రాలేదు?

ఈ తేడా ఫలితాలు తరువాతి దశాబ్దంలో బయటపడ్డాయి. మరమ్మతుల ఖర్చులో ఎక్కువ భాగం తమపై పడిందని, కొనుగోలు ధర మాత్రం పెరగలేదని బంగ్లాదేశ్ కర్మాగార యజమానులు విమర్శించారు. ఆ విమర్శలో స్వప్రయోజనం ఉన్నా, తోసిపుచ్చదగినది కాదు. 2016 డిసెంబరులో ఆశులియాలో వేతనాల కోసం జరిగిన సమ్మె తరువాత దాదాపు 1,500 మంది ఉద్యోగాలు కోల్పోయారు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు కొనుగోలుదారులు రద్దు చేసిన, నిలిపివేసిన ఆర్డర్ల విలువ 300 కోట్ల డాలర్లు దాటిందని యజమానుల సంఘం ప్రకటించింది. కుట్టడం పూర్తయిన సరుకుకూ డబ్బు ఆగిన సందర్భాలున్నాయి. 2023 నవంబరులో నెలకు 23,000 టాకాలు కోరుతూ కార్మికులు వీధుల్లోకి వచ్చారు. నిరసనల్లో ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం 12,500 టాకాలు ఖరారు చేసింది.

అకార్డు బంగ్లాదేశ్ బాధ్యతలు 2020లో యజమానులు, బ్రాండులు, సంఘాలు కలిసి నడిపే ఒక మండలికి మారాయి. 2021లో అంతర్జాతీయ అకార్డు ఏర్పడి, తరువాత పాకిస్థాన్‌కు విస్తరించింది. మరోవైపు రాజ్యాల చట్టాలు వచ్చాయి. 2011 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు వ్యాపార సంస్థలకు మానవ హక్కులను గౌరవించే బాధ్యత ఉందని చెప్పాయి. 2017లో ఫ్రాన్సు ఆ బాధ్యతను చట్టం చేసింది. జర్మనీ చట్టం 2023 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2024లో ఆదేశం జారీ చేసి, 2025లోనే దాని అమలు గడువును వాయిదా వేసింది. 1944 నాటి ఫిలడెల్ఫియా ప్రకటనలో శ్రమ సరుకు కాదని ప్రకటించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ, సురక్షితమైన పని వాతావరణాన్ని మౌలిక హక్కుల జాబితాలో చేర్చినది 2022లో మాత్రమే.

8. భారతీయ న్యాయశాస్త్రం, తెలుగు నేల

గొలుసులో పై మెట్టు వారి బాధ్యత అన్న భావన భారతదేశానికి కొత్తది కాదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు జీతం చెల్లించకపోతే ప్రధాన యజమాని చెల్లించవలసి ఉండేది. 1978లో హుస్సేన్‌భాయ్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ మరింత ముందుకు వెళ్లారు. మధ్యలో ఎందరు కాంట్రాక్టర్లున్నా, కార్మికుల బతుకుతెరువుపై ఆర్థిక అదుపు ఎవరిదో వారే అసలు యజమాని అని ఆ తీర్పు సారాంశం. 1982 నాటి ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ అని తేల్చింది. పని కాంట్రాక్టర్లది కాబట్టి తమకు బాధ్యత లేదన్న ప్రభుత్వ వాదనను అంగీకరించలేదు. ఆర్థిక అదుపు అన్న కొలమానాన్ని దేశ సరిహద్దు దాటించి విదేశీ కొనుగోలుదారుకు వర్తింపజేయడమే మిగిలిన సమస్య.

ఈ సమస్య తెలుగు ప్రాంతాలకు దూరమైనది కాదు. అచ్యుతాపురం, తడ ప్రత్యేక ఆర్థిక మండళ్లలో విదేశీ బ్రాండుల కోసం దుస్తులు, పాదరక్షలు తయారుచేసే పరిశ్రమలున్నాయి. వాటిలో అధికులు చుట్టుపక్కల గ్రామాల మహిళలు. 2022 జూన్‌లోను, ఆగస్టులోను అచ్యుతాపురంలో వస్త్ర పరిశ్రమ మహిళలు విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. ఆ చర్చ స్థానిక పరిశ్రమలు, ప్రభుత్వ శాఖల చుట్టూ ప్రధానంగా సాగింది. ఆ దుస్తులను కొనే సంస్థలకు ఇందులో ఏ పాత్ర ఉండాలన్న ప్రశ్న వెనుకబడింది. కార్మికురాలి ఊరు నుండి విదేశీ దుకాణం వరకు సాగే ఈ గొలుసును మెట్టు మెట్టుగా నమోదు చేయడం తెలుగు చరిత్ర, సామాజికశాస్త్ర పరిశోధకుల ముందున్న పని.

9. ముగింపు

పై పరిశీలన నుండి ఈ అంశాలను నిర్ధారించవచ్చు.

1. కొనుగోలుదారుకూ కార్మికురాలికీ మధ్య ఉన్న దూరం భౌగోళికం కన్నా ముందు ఒప్పంద సంబంధమైనది. 1920ల న్యూయార్క్‌లో ఆ దూరం కొన్ని వీధులు మాత్రమే, అయినా బాధ్యత ఎగవేతకు అది సరిపోయింది.

2. స్వచ్ఛంద తనిఖీలు కార్మికుల చేతికి హక్కును ఇవ్వలేదు. జాబర్ ఒప్పందాలు, అకార్డు ఇచ్చాయి. కారణం, వాటిలో కార్మిక సంఘం ఒక పక్షం. ఉల్లంఘిస్తే అమలు చేయించే వేదిక ఉన్నది.

3. ఒప్పందం ఏ విషయానికి పూచీపడితే ఆ విషయంలోనే మార్పు వచ్చింది. అకార్డు భవనాలకు పూచీపడింది కాబట్టి భవనాలు మెరుగుపడ్డాయి. కొనుగోలు ధర దాని పరిధిలో పూర్తిగా చేరలేదు కాబట్టి వేతనం వెనుకబడింది. తరువాతి ఒప్పందాలు ధరను కూడా చేర్చవలసి ఉన్నది.

4. ప్రతి సంస్కరణా మరణాల తరువాతే వచ్చినా, పరిష్కారపు రూపురేఖలు మరణాలకు ముందే కార్మికులకు తెలుసు. 1909 సమ్మెకారులు ట్రయాంగిల్‌లో కోరిన సంఘం, 2012లో రెండు సంతకాల కోసం ఆగిన పత్రం అందుకు సాక్ష్యాలు. వారి మాట సకాలంలో వినబడే ఏర్పాటు చేయడమే సరఫరా గొలుసులో మానవ గౌరవానికి తొలి షరతు.